ఊ కొట్టే పిల్ల

పెన్న ఒడ్డున బడేషా అనే సూఫీ గురువు ఉండేవారు. ఆయన దగ్గరికొచ్చే పిల్లలకు అక్షరాలు నేర్పే పని శిష్యుడు రసూల్‌ది.

ఆ పిల్లల్లో జులేఖాతో రసూల్ వేగలేకపోయాడు. ఆ పిల్ల కుదురుగా కూర్చోదు. ఎవరు మాట్లాడుతున్నా మధ్యలో దూరుతుంది. ఆటలో తన వంతు వచ్చేదాకా ఆగలేదు. దాంతో ఎవరూ ఆటకు రానిచ్చేవారు కాదు. హలీమా అయితే చెయ్యి పట్టి బయటికి లాగేసేది.

ఒకరోజు రసూల్ గురువు దగ్గరికి వెళ్లాడు.

"బాబా, బుజ్జగించాను. కోప్పడ్డాను. లాభం లేదు. ఆ పిల్లని ఇంటికి పంపేద్దాం."

"పంపేస్తే నలుగురితో కలవడం ఎక్కడ నేర్చుకుంటుంది?" అని గురువు లేచి, పిల్లల మధ్యకు వెళ్లి కూర్చున్నారు.

"కథ చెబుతాను. జులేఖా, నా పక్కకు రామ్మా. నువ్వు ఊ కొట్టాలి. నేను ఆగినప్పుడే కొట్టాలి. నువ్వు ఊ అంటేనే కథ ముందుకెళ్తుంది."

పిల్లలు ముఖాలు చిట్లించారు.

"అనగనగా ఒక కుంటి ఒంటె..."

"ఊ. దానికి కాలెట్లా విరిగింది? మా మామ వాళ్ల ఎద్దుకి కూడా..."

గురువు కోప్పడలేదు. కథ మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నారు. జులేఖా మళ్లీ తొందరపడింది. ఆయన మళ్లీ మొదటికొచ్చారు. ఈసారి ఆ పిల్ల ఆయన ముఖంలోకే చూస్తూ కాచుకుంది. కాళ్లు మాత్రం ఆడుతూనే ఉన్నాయి.

మాట ఆగింది.

"ఊ."

ఒంటె కదిలింది. పిల్లలు దగ్గరికి జరిగారు.

సగం కథ అయ్యాక గురువు లేచారు. "మిగతాది హలీమా తనకు తోచినట్టు అల్లి చెబుతుంది."

హలీమా తడబడింది. మాట దొరక్క మధ్యలో ఆగిపోయింది. జులేఖా నోరు తెరిచి, మళ్లీ మూసుకుంది. ఎదురుచూసింది. హలీమాకు మాట దొరికింది. వాక్యం పూర్తయింది.

"ఊ," అంది జులేఖా మెల్లగా.

హలీమా ముఖం వెలిగిపోయింది.

ఆ రోజు నుంచి కథ చెప్పే ప్రతి పిల్లకూ జులేఖానే కావాల్సి వచ్చింది. కథయ్యాక ఆటకూ తమ జట్టులోకే లాక్కునేవారు.

ఒక ఉదయం రసూల్ పాఠానికి వచ్చేసరికి హలీమా కథ చెబుతోంది. "ఇక చాలు, పలకలు..." అంటూ మొదలుపెట్టాడు.

జులేఖా పెదాల మీద వేలు పెట్టుకుంది.

"కాస్త ఆగండి సాబ్. హలీమా చెబుతోంది."

రసూల్ తలుపు దగ్గర నిలబడ్డ గురువు వైపు చూశాడు. ఆయన కూర్చోమన్నట్టు చెయ్యి చూపారు.

రసూల్ వచ్చి పిల్లల వెనక కూర్చున్నాడు. హలీమా కథ అందుకుంది. మాట ఆగినచోట ఈసారి రెండు గొంతులు ఊ కొట్టాయి.