తడవని కాలవ

కానుగపాలెం వాళ్ళకి తెలివి ఎక్కువ. ఎవరన్నారని అడగొద్దు, వాళ్ళే అన్నారు. పక్క ఊళ్ళ వాళ్ళు చెప్పిన మాట సగం వింటారట, మిగతా సగం సొంతంగా కల్పించుకుంటారట. కానుగపాలెం వాళ్ళు అలాంటి వాళ్ళు కారు. చెప్పింది చెప్పినట్టు చేస్తారు, ఆవగింజంత కూడా తేడా రానివ్వరు. ఆ ఊళ్ళో అందరి తెలివీ ఒక ఎత్తు, దాలినాయుడు, పోలినాయుడు, తవుడు అనే అన్నదమ్ముల తెలివి ఒక ఎత్తు.

ఆ ఇంట్లో కాస్త బుర్రున్న మనిషి పెద్దవాడు దాలినాయుడి పెళ్ళాం గున్నమ్మ. ఆవిడ కొండమీది ఊరి పిల్ల. ఊరు వేరు కాబట్టి తెలివి తక్కువని కానుగపాలెంలో అందరూ ఆవిడ మీద జాలిపడేవారు.

ఊరి పక్కనే చింతేరు. వానాకాలం వచ్చిందంటే పొంగి ఊళ్ళోకి వచ్చేస్తుంది, గున్నమ్మ వంటింట్లోకైతే మరీ చనువుగా వస్తుంది. ఓ ఏడాది ఉప్పుకుండ కరిగిపోయింది. ఓ ఏడాది పొయ్యి కొట్టుకుపోయింది. కిందటేడు చంటిదాని ఉయ్యాల్లోకి నీళ్ళొచ్చాయి. అంతే, గున్నమ్మ పిల్లల్ని చంకనేసుకుని పుట్టింటికి బయల్దేరింది.

"వరద రాని చోట నా పొయ్యెట్టండి, అప్పుడొస్తాను. అందాకా నన్ను పిలవొద్దు" అని దాలినాయుడి మొహం మీదే చెప్పేసింది.

దాలినాయుడికి పెళ్ళామంటే ప్రాణం. ఆవిడ పెట్టే చేపల పులుసన్నా ప్రాణమే. ఇప్పుడు రెండూ లేవు. వంట తవుడి చేతికొచ్చింది. "పొయ్యి మీద అన్నం ఉంది, చూసుకోరా" అని చెప్పి అన్న పొలం వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి అన్నం బొగ్గయింది.

"చూసుకోమన్నాను గదరా!"

"చూసాను గదన్నా. పొంగడం చూసాను, మాడడం చూసాను, మంటెత్తుకోడం కూడా చూసాను. ఒక్కపాలి కూడా రెప్పెయ్యనేదు."

దాలినాయుడు మెచ్చుకోవాలో ఏడవాలో తెలీక ఆ బొగ్గే మజ్జిగలో కలుపుకుని తిన్నాడు.

ఇలా రోజులు గడుస్తుంటే ఊరికి ఓ మంచి కబురొచ్చింది. ఊరికి ఎగువనే చింతేటికి ఓ కాలవ తీస్తారట. పొంగిన నీళ్ళు ఊళ్ళోకి రాకుండా ఆ కాలవలోంచి దిగువన ఉన్న చిత్తడి నేలల్లోకి పోతాయట. పని చేయించడానికి సదానందం అనే ఓవర్సీరు వచ్చాడు. పాపం, మంచివాడు. ఆ ఊరు కొత్త.

"ఈ తాడు ఇక్కణ్ణించి లాగండి. ఆ చివర ఎంత నెట్టినా కదలని దానికి కట్టండి. తాడు ఎటుంటే అటే తవ్వండి" అని చెప్పి, ఆయన పక్క ఊళ్ళో పని చూడ్డానికి వెళ్ళాడు.

ఎంత నెట్టినా కదలనిది ఏముందా అని అన్నదమ్ములు ఊరంతా వెతికారు. రాటలు నెడితే ఊగాయి. గోడ నెడితే పడిపోయింది. వాళ్ళ గేదె మాత్రం నెమరేసుకుంటూ నిలబడి, ముగ్గురూ కలిసి నెట్టినా కాలు కదపలేదు. ఇంకేముంది, తాడు గేదె కొమ్ముకి కట్టారు.

కాసేపటికి గేదెకి ఆకలేసింది.

సాయంత్రం ఓవర్సీరు తిరిగొచ్చేసరికి కాలవ పోలినాయుడి గోగు చేను చుట్టూ తిరిగి, కుడితి గోలెం దగ్గరికెళ్ళి, అక్కణ్ణించి దూడ ఉన్న పాకలోకి దూరింది.

"ఏమిటయ్యా ఈ వంకరలు?"

"వంకర్లు మావి కావు బాబూ" అన్నాడు పోలినాయుడు నొచ్చుకుని. "మా తవ్వకం తిన్నగానే ఉంది. గేదెనడగండి."

సదానందం అదంతా పూడిపించి, తనే మేకులు దిగ్గొట్టి తాడు కట్టాడు. ఎంత లోతు తవ్వాలని అడిగితే, "లోపల నిలబడితే తల కనపడకూడదు" అన్నాడు. మర్నాడు వచ్చి చూస్తే కాలవ నడుం లోతుంది. అందులో ఊరంతా తలలకి తువ్వాళ్ళు చుట్టుకుని నిలబడి ఉంది.

"కనపడతన్నాయా బాబూ తలలు?" అని తువ్వాలు లోపల్నించి దాలినాయుడు అడిగాడు.

సదానందం వెళ్ళి చెట్టు నీడలో కూర్చుని మంచినీళ్ళు తాగాడు.

ఎలాగో కాలవ పూర్తయింది. మూతి కూడా తెరిపించాక, ఓవర్సీరు వెళ్ళేముందు అందర్నీ కూర్చోబెట్టి చెప్పాడు. "ఇది మీ కాలవ. కంటికి రెప్పలా చూసుకోండి. చెత్త పడనివ్వకండి, బురద చేరనివ్వకండి. ఎవరు పాడుచెయ్యబోయినా సరే, ఊరుకోవద్దు."

"అలాగే బాబూ!" అంది ఊరు.

ఆ మాట అన్నది కానుగపాలెం కదా, నిలబెట్టుకోకుండా ఉంటుందా? ఆడవాళ్ళు పొద్దున్నే కాలవ అడుగంతా ఊడ్చి ముగ్గులు పెట్టారు. మగవాళ్ళు ఆకు రాలితే పరుగెత్తుకెళ్ళి ఏరారు. కాళ్ళు కడుక్కుని గాని ఎవరూ దిగకూడదని కట్టుబాటు పెట్టుకున్నారు. కాలవ అద్దంలా మెరిసిపోతుంటే దాలినాయుడికి కళ్ళు చెమర్చేవి. గున్నమ్మ చూస్తే ఎంత మురిసిపోతుందో అనుకునేవాడు.

ఇలా ఉండగా ఎగువ కొండల్లో పెద్ద వాన పడింది. కానుగపాలెంలో చినుకు లేదు గాని చింతేరు ఎర్రగా పొంగింది. కాలవ మూతి దగ్గర కాపలా ఉన్న పోలినాయుడు కేక పెట్టాడు.

"అన్నా! ఎవడో కాలవలోకి వచ్చెస్తన్నాడు!"

"ఎవడ్రా?"

"ఏరన్నా! ఒళ్ళంతా బురద, నెత్తినిండా చెత్త!"

"కాళ్ళు కడుక్కుందా?"

"కడుక్కున్నట్టు నేదన్నా!"

దాలినాయుడికి ఒళ్ళు మండిపోయింది. ఎవరు పాడుచెయ్యబోయినా ఊరుకోవద్దని ఓవర్సీరు బాబు చెప్పలేదూ! అంతే, ఊరంతా పరుగున వచ్చింది. ఇసక బస్తాలు తెచ్చారు, మంచాలు తెచ్చారు, ఇళ్ళ తలుపులూడబీకి తెచ్చారు. ఏరు లోపలికి తొంగి చూసే సందు కూడా లేకుండా కాలవ మూతికి అడ్డంగా కట్ట కట్టేశారు. కాలవలో ఒక్క బురద చుక్క పడలేదు.

ఏరు మాత్రం ఏం చేస్తుంది? పాత దారే పట్టి ఊళ్ళోకి వచ్చింది. తలుపులు లేవు కాబట్టి ఇళ్ళలోకి ఇంకా తొందరగా వచ్చింది.

నడుంలోతు నీళ్ళలో నిలబడి జనం లబోదిబోమన్నారు. అప్పుడు తవుడికి మెరుపులా ఓ ఆలోచన వచ్చింది.

"అన్నా! ఊరంతా నీళ్ళే. నీళ్ళు నేని చోటు ఒక్కటే ఉంది."

అందరూ అటు తిరిగి చూశారు. కాలవ. లోపల దుమ్ము లేస్తోంది. ముగ్గు చెదరలేదు.

ఇంకేముంది, కానుగపాలెం మొత్తం కాలవలోకి కాపురం మార్చేసింది. పాడుచెయ్యకుండా బుద్ధిగా కాళ్ళు కడుక్కుని మరీ దిగారు. కోళ్ళగంపలు ఓ పక్క, గేదెలు ఓ పక్క. దాలినాయుడు సరిగ్గా కట్ట కిందే చోటు చూసుకుని, తన చేత్తో పొయ్యి వేసి, ఎర్రమట్టితో అలికి, గీతలు కూడా దిద్దాడు. తవుణ్ణి కొండమీదికి పంపించాడు.

"వదినా, వరద రాని చోట నీ పొయ్యెట్టాం" అన్నాడు తవుడు.

గున్నమ్మకి నమ్మకం కుదరలేదు. పిల్లల్ని తల్లి దగ్గరే ఉంచి, ఎందుకైనా మంచిదని ఒక్కతే వచ్చింది. పొయ్యి చూసింది. గీతలు చూసింది. మొగుడు తన కోసం ఇంత చేశాడా అని ఒక్క క్షణం మురిసిపోయింది. తర్వాత తల పైకెత్తింది.

"అదేటి?"

"కట్ట" అన్నాడు దాలినాయుడు గర్వంగా.

"దాని ఎనకాలేటుంది?"

"ఏరుంది."

కట్టలోంచి ఓ తలుపు కిర్రుమంది. గున్నమ్మ చుట్టూ చూసింది. తన వాళ్ళు, ఊరి వాళ్ళు, పసిపిల్లలు, అందరూ ఆ తలుపు కిందే ఉన్నారు.

"ఎక్కండి! ముందు గట్టెక్కండి అందరూ!" అని ఊరదిరేలా అరిచింది.

ఆవిడ గొంతుకి జడిసి అందరూ పిల్లాజెల్లాతో, గొడ్డూగోదాతో గట్టెక్కారు. ఎక్కి, తవుడు వినయంగా అడిగాడు. "ముందు గట్టెక్కాం వదినా. తరవాతేటి, దిగాలా?"

ఆవిడ వాడి రెక్క పట్టుకుని కూలేసి, గునపం తీసుకుని, గట్టు మీంచే కట్టని ఓ మూల పొడిచింది. ఏరు కాసుక్కూచున్నట్టుంది. బస్తాలు, మంచాలు, తలుపులు, దాలినాయుడు గీతలు దిద్దిన పొయ్యి, అన్నీ తీసుకుని కాలవలో పడి చిత్తడి నేలల వైపు పరుగెత్తింది. చీకటి పడేలోగా ఊళ్ళో నీళ్ళన్నీ దిగిపోయాయి.

"చూసారా" అంది గున్నమ్మ ఆయాసపడుతూ. "నీళ్ళకి దారియ్యాల. దారిస్తే ఆగవు, వాటి మానాన అవి పోతాయి. అది బుర్రలో ఎట్టుకోండి."

అందరూ బుర్రలో పెట్టుకున్నారు.

ఆవిడ ఇల్లు కడుక్కుని, వంటింట్లో కొత్త పొయ్యి వేసుకుని, మొగుడికి కడుపునిండా చేపల పులుసు పోసింది. ఇంక భయం లేదు, పిల్లల్ని తెచ్చుకుంటానని కొండమీదికి వెళ్ళింది. దాలినాయుడు ఆనందం పట్టలేక ఊరి చివరిదాకా చెయ్యి ఊపుతూనే ఉన్నాడు.

ఏరు తగ్గాక ఊరు కూర్చుని ఆలోచించింది. అలా కూర్చున్నప్పుడే వాళ్ళతో వచ్చింది చిక్కంతా.

"వరద ఊళ్ళోకి వచ్చినాది, పోయినాది" అన్నాడు పోలినాయుడు. "కాలవలోకి వచ్చింది మాత్రం పోనేదు. ఇంకా పారతానే ఉంది. అంటే వరదొచ్చే చోటు ఏది?"

"కాలవే!" అన్నారు అందరూ.

"వదిన పొయ్యి కూడా అక్కడే కొట్టుకుపోనాది" అని తవుడు గుర్తు చేశాడు.

దాలినాయుడికి చెమటలు పట్టాయి. పిల్లల్తో వస్తున్న పెళ్ళాం, ఊరి పక్కనే అంత ప్రమాదం! అంతే. తవ్విన మట్టి గట్టు మీద సిద్ధంగానే ఉంది. ఊరంతా తిండి మానేసి, కాలవ మూతి నుంచి కంటికి ఆనినంత మేరా పూడ్చి, దిమ్మిసలతో గట్టిగా కొట్టి చదును చేసింది.

గున్నమ్మ పిల్లలతో వచ్చేసరికి మళ్ళీ ఎగువన వాన. చింతేరు గట్లు ఒరుసుకుంటూ పోతోంది. కాలవ ఉండాల్సిన చోట నున్నటి మైదానం చూసి ఆవిడ చంకలోని చంటిదాన్ని కిందికి దించింది.

"ఇంక బెంగెట్టుకోకు గున్నా" అన్నాడు దాలినాయుడు. "ఇక్కడికి వరద రాదు. రావడానికి కాలవుంటే గదా!"

"మరి ఏరెటు పోతాదయ్యా?" అంది గున్నమ్మ.

"దారిచ్చాం గదా, నువ్వు చెప్పినట్టే!"

అన్నదమ్ములు ముగ్గురూ పక్కకి జరిగి ఇల్లు చూపించారు. వీధి గుమ్మానికి తలుపు లేదు. దానికి ఎదురుగా ఉండే వెనక గోడా లేదు, మొత్తం పడగొట్టేశారు. వీధిలో నిలబడితే ఇంట్లోంచి పెరడు, పెరట్లోంచి పొలాలు కనిపిస్తున్నాయి. ఆ మధ్యలో గున్నమ్మ పొయ్యి రాజుకుని ఉంది.

గున్నమ్మ పిల్లల్ని గబుక్కున ఎత్తుకుని మెరక మీదికి ఎక్కింది. ఏరు మాత్రం చూపించిన దారి కాదనలేదు. వీధి గుమ్మంలోంచి వచ్చింది, పెరట్లోంచి పోయింది, పోతూ పోతూ పొయ్యిని, కుండల్ని, గాదెని వెంటబెట్టుకుని పోయింది.

"చూసావా వదినా!" అని తవుడు మెడలోతు నీళ్ళలోంచి చప్పట్లు కొట్టాడు. "ఒక్క నిమిషం కూడా ఆగనేదు!"