చిలకమ్మ వేసిన ఉప్పు

అనగా అనగా, సముద్రం చిన్నపిల్లలా ఊళ్లోకి తొంగిచూసి పారిపోయే కాలంలో, ఒడ్డున ఒక పెద్ద రాజ్యం ఉండేదట. దాని కోట మీద దీపాలు వెలిగిస్తే చుక్కలు సిగ్గుపడి వెనక్కి జరిగేవట. దానికి ఓడలున్నాయి, ఏనుగులున్నాయి. ఎదురు చెప్పేవాళ్లే లేరు.

ఆ రాజ్యానికి పడమట కొండలు, కొండల్లో కొండజనం. కొండ సముద్రం దాకా దిగివచ్చిన చోట ఉప్పుమడులు. ఆ మడుల్లో చిలకమ్మ అని ఒక ముసలమ్మ పనిచేసుకునేది. మొగుడు పోయాడు. ఒక్కతే కూతురు నీలాలు, నెలలు నిండిన మనిషి. అల్లుడు ఓడ మీద వెళ్లినవాడు ఇంకా తిరిగి రాలేదు. చిలకమ్మ ఉప్పు గంప నెత్తిన పెట్టుకుని కొండెక్కేది, ఉప్పు ఇచ్చి తేనె తెచ్చుకునేది.

కొండ మీద ఒక ఆచారం ఉండేది. బేరం మొదలుపెట్టే ముందు, ఉప్పు తెచ్చిన మనిషి కొండవాడి నాలుక మీద చిటికెడు ఉప్పు వేయాలి. వేయించుకున్నవాడు, ఆ చెయ్యి ఏ ఊరిదో ఆ ఊరి మీద ఆ ఏడాదంతా విల్లెత్తకూడదు. దానికి రాత లేదు, సాక్షి లేడు. నాలుకే సాక్షి.

ఇలా ఉండగా రాజుకి కొండల అవతలి రాజ్యం మీద కన్నుపడింది. తన ఏనుగులు వెళ్లడానికి కొండల్లోంచి దారి ఇమ్మన్నాడు.

"మా సామచేలు తొక్కేస్తాయి, ఇవ్వం" అన్నారు కొండజనం.

"అయితే వాళ్లకి ఉప్పు ఆపండి. చప్పిడి కూడు తింటే బుద్ధి వస్తుంది" అన్నాడు రాజు.

"కోపగిస్తారేమో ప్రభూ" అన్నాడు మంత్రి.

"వాళ్లేం చేస్తారులే!"

కొన్నాళ్లకి కొండ మీంచి ఎర్ర మిరపకాయల మూట వచ్చింది. మిరపకాయలు పంపారంటే మా కడుపు మండుతోందని చెప్పడం. కోటలో మాత్రం కప్పం పంపారనుకున్నారు. వంటవాడు నూరి పచ్చడి చేశాడు. రాజు లొట్టలేసుకుని తిన్నాడు.

రెండోసారి రాజు కొండపెద్దని పట్టి చెరలో వేయించాడు. తన మాట వినేవాణ్ణి ఆ చోట కూర్చోబెట్టాడు. "వాళ్లేం చేస్తారులే!" అన్నాడు. ఈసారి మిరపకాయలతో పాటు, ఇక పొత్తు తెగిందని విరిగిన బాణం వచ్చింది. మిరపకాయలు పచ్చడయ్యాయి. బాణం పొయ్యిలో పుల్లయింది.

మూడోసారి సైనికులు సామచేలకి నిప్పు పెట్టారు. చేను పక్క గుడిసె అంటుకుంది. గుడిసెలో ఉయ్యాల ఉంది. ఉయ్యాలలో బిడ్డ ఉంది. "వాళ్లేం చేస్తారులే!" అన్నాడు రాజు. మిరపకాయలూ, బాణమూ, వాటి మీద ఒక నల్లటి బొగ్గూ వచ్చాయి.

"పాపం, పొయ్యిలోకి బొగ్గులు కూడా పంపేరు!" అని వంటవాడు నవ్వాడు. కోటంతా నవ్వింది.

ఉప్పుమడుల్లో ఎవరికీ నవ్వు రాలేదు. కోటకి గోడలున్నాయి. మడులకేముంది? కొండ దిగితే మొదటి గుమ్మం నీలాలుదే. ఆకు రాలితే ఉలిక్కిపడేవాళ్లు. కుక్క మొరిగితే పిల్లల నోళ్లు మూసేవాళ్లు. వెన్నెల కూడా ఎవరో పొంచి చూస్తున్నట్టుగా ఉండేదట.

"లేయే, ఎటైనా పోదాం" అంది చిలకమ్మ కూతురితో.

"ఎక్కడికే అమ్మా? రెండడుగులేస్తే కూలబడిపోతన్నాను. కోట తలుపు మనకి తీస్తారేటి?"

"తియ్యరు."

"అయినా కొండోళ్లు నన్నెందుకు సంపుతారు? నేనేటి సేసినాను?"

"వాళ్ల బిడ్డ మాత్రం ఏటి సేసిందే?"

చిలకమ్మ లేచి గంపనిండా ఉప్పు నింపింది.

"అమ్మా, ఉప్పు కొండెక్కిస్తే కోటోళ్లు పొడిసేస్తారే!"

"నన్నొక్కదాన్నే గదా. నువ్వు పడుకో."

కొండ సగం ఎక్కేసరికి ఎదురుగా విళ్లు పట్టుకుని కుర్రాళ్లు బారుగా దిగుతున్నారు. చిలకమ్మ దారికి అడ్డంగా నిలబడింది.

"తప్పుకో అవ్వా" అన్నాడు ముందున్నవాడు.

"తప్పుకుంటాను గానీ, ముందు నోళ్లు తెరవండ్రా."

"మీ రాజు ఉప్పు మాకొద్దు."

"రాజు ఏనాడు మడిలో దిగాడ్రా? కాలికి పుళ్లు పడి నేను తీసిన ఉప్పిది. తెరువు నోరు!"

వాడు తెరిచాడు. ఉప్పు తగిలేసరికి వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి, విల్లు కిందికి దిగింది. "ఇంకా ఉంది, ఇంకా ఉంది" అంటూ ఆవిడ బారు వెంట నడిచింది.

గంప ఖాళీ అయింది, బారు అవలేదు. నుదుటి చెమట వేలితో తీసి నాలుకలకి రాసింది. "ఇదీ ఉప్పే నాయనా. ఇంకా ఉంది." చెమట ఆరిపోయింది, బారు అవలేదు. కన్నీళ్లు తీసి రాసింది. "ఇదీ ఉప్పే."

చిట్టచివర సింబోయి ఉన్నాడు. ఉయ్యాలలో పోయిన బిడ్డకి తండ్రి.

"ఒక్క చుక్క, నాయనా. నా కూతురు నెలలు నిండి ఉంది."

"నా నాలుక సచ్చిపోయిందవ్వా" అని అతను ఆవిణ్ణి దాటిపోయాడు. అతని చుట్టాలు నలుగురు వెంట నడిచారు.

కాసేపటికి కింద మంట లేచింది. ఉప్పు తిన్నవాళ్లు కొండమీంచి చూశారు. ముందున్నవాడు విల్లు విసిరేసి, "ఆ చేతి ఉప్పు తిన్నాం, నిలబడి చూస్తామా!" అని పరిగెత్తాడు. అందరూ పరిగెత్తారు. మొదటి వరుస ఇళ్లు కాలిపోయాయి. కానీ నీలాలుని డోలీలో వేసుకుని కొండెక్కించారు. ఆమె అక్కడే కనింది. ఆడపిల్ల.

చిలకమ్మకి ఇదేమీ తెలీదు. వేరే దారిన పడుతూ లేస్తూ దిగుతుంటే కోట కాపలావాళ్లు ఆపారు.

"ఓ ముసిలీ, గంప ఖాళీగా ఉందే! ఉప్పెవరికి పెట్టావ్?"

"నోరు తెరిసినోళ్లందరికీ పెట్టాను. దారొదలండి బాబూ, నా కూతురు..."

ఆ మాట పూర్తవకుండానే ఈటె దిగింది.

కోటలో రాజు కాలిన మడుల వైపు చూసి నిజంగానే ఆశ్చర్యపోయాడట. "మనం వాళ్లకేం చేశామని? మంచి మిరపకాయలు పంపేవాళ్లే!" అని, ఇంకా పెద్ద సైన్యాన్ని పంపాడు. అటునుంచి ఇంకా పెద్ద మంట వచ్చింది. అలా ఎన్నేళ్లు సాగిందో చెప్పేవాళ్లు లేరు. ఆ కోట ఎక్కడుండేదో కూడా ఇప్పుడు ఎవరికీ తెలీదు.

చిలకమ్మ మాత్రం అందరికీ తెలుసు. ఆ ఒడ్డున బిడ్డకి మొదటి ముద్ద పెట్టేరోజు, ముద్దలో కొండతేనె చుక్క కలుపుతారు. ఆ కొండ మీద బిడ్డకి మొదటి ముద్దలో ఒడ్డు ఉప్పు కలుపుతారు. పెట్టే చేతిని ఆ పూట చిలకమ్మ చెయ్యి అంటారు. ముద్ద ఎత్తాక ఒడ్డు తల్లి ఒకసారి కొండ వైపు చూస్తుంది. కొండ తల్లి ఒడ్డు వైపు చూస్తుంది. పొగ ఏమీ లేదని చూసుకున్నాకే బిడ్డ నోట్లో పెడుతుంది.