భద్రం మావయ్య రేసు కారు

మండపేటలో గవర్రాజు ఇంట్లో ఉండేది ముగ్గురు. గవర్రాజు, అతని పెళ్ళాం నూకరత్నం, ఆవిడ తమ్ముడు చిట్టబ్బాయి. ముగ్గురికి ముగ్గురూ మహా తెలివైనవాళ్ళు. ఈ మాట ఊళ్ళో ఎవరూ అనలేదు, వాళ్ళకి వాళ్ళే అనుకున్నారు.

"ఒక్క ఇంట్లోనే ఇంత తెలివి ఉండిపోతే వీధిలో వాళ్ళకి అన్యాయం కదండీ" అని నూకరత్నం బాధపడేది.

"ఏం చేస్తాం, ఇద్దామన్నా పుచ్చుకునేవాళ్ళు లేరు" అని గవర్రాజు నిట్టూర్చేవాడు.

"నా వాటా నేనింకా వాడనే లేదు బావా, పెట్టింది పెట్టినట్టే ఉంది" అనేవాడు చిట్టబ్బాయి.

అలాంటి ఇంటికి గవర్రాజు మేనమావ భద్రం వచ్చాడు, కంటి ఆపరేషన్ కోసం. కుడికంట్లో శుక్లం తీసి కట్టు కట్టారు. ఎడంకన్ను ఎప్పట్నుంచో మసక. మంచం మీంచి లేవొద్దన్నారు.

భద్రం మావయ్య ఒకప్పుడు లారీ షెడ్డులో మేస్త్రీ. కుర్రతనంలో మద్రాసు వెళ్ళి ఒకే ఒక్కసారి కార్ల పందెం చూశాడు. టాపు లేని, పొడుగుముక్కు ఎర్రకారొకటి రయ్యిమని కళ్ళముందు నుంచి దూసుకుపోయింది. అంతే, ఆ పిచ్చి ఇప్పటికీ దిగలేదు. పాతకాలం రేసు కార్ల బొమ్మల కిట్లు తెప్పించుకుంటాడు. డబ్బాలో కారు ముక్కలు ముక్కలుగా వస్తుంది. ఒక్కొక్కటే అతికించి రంగేస్తే జానెడు కారవుతుంది. ఉన్నదున్నట్టు కట్టడం ఆయనకి ఆనదు. ఈసారి కట్టిన కారుకి ప్లాస్టిక్ చువ్వలు పీకేసి సన్నతీగతో చక్రాలు అల్లాడు. తన తోలుపర్సు కోసి సీటు కుట్టాడు. ఆ ముచ్చట చూసి కాకినాడ బొమ్మకార్ల ప్రదర్శనవాళ్ళు ఆయన్ని మొట్టమొదటిసారి పిలిచారు. రంగు, హంగు మాత్రం మిగిలాయి. సరిగ్గా అప్పుడే కన్ను పనిపెట్టింది.

"ఒరేయ్ గవర్రాజూ, చేతులు మీవి, మాట నాది. నేనేది చెబితే అది చెయ్యండి. సొంతబుర్ర మాత్రం వాడకండి" అన్నాడు మావయ్య.

"చచ్చినా వాడం మావయ్యా!" అన్నాడు గవర్రాజు. అతని ఛాతీ పొంగింది. చిన్నప్పటినుంచీ మావయ్య నోట ఒక్క 'భేష్' వినాలని అతని కోరిక. ఇన్నాళ్ళకి వేళ వచ్చింది.

ఎర్రరంగు కుంచెతో పలచగా, నున్నగా పూశాడు. నిజంగానే బాగా పూశాడు. చెమట పట్టింది. మంచం మీంచి మావయ్య, "ఏరా చిట్టబ్బాయ్, ఊరికే నిలబడకపోతే నువ్వూ ఓ చెయ్యి వెయ్యొచ్చుగా?" అన్నాడు.

అంతే! చిట్టబ్బాయి అయిదు వేళ్ళూ చాపి పచ్చిరంగు మీద చెయ్యి వేశాడు.

"వేశాను మావయ్యగారూ. రెండోది కూడా వెయ్యమంటారా?"

"చాల్లే, అలిసిపోతావు" అన్నాడు మావయ్య ప్రేమగా.

రంగు ఆరింది. అయిదు వేళ్ళూ అలాగే ఉన్నాయి. "ఇప్పుడు నంబరు స్టిక్కరు, నానితేగాని కాయితం వదలని రకం" అన్నాడు మావయ్య. "అమ్మాయ్ నూకరత్నం, నీకు తెలిసిన పనే. గారెలకి పప్పు నానబోస్తావే, అలా దాన్ని నీళ్ళలో వెయ్యి. మెత్తబడ్డాక మిగతాది నీకు చెప్పక్కర్లేదు."

"చెప్పక్కర్లేదండి" అంది నూకరత్నం.

ఇంకేముంది, స్టిక్కరు మినప్పప్పుతో పాటు గిన్నెలో నానింది. పప్పుతో పాటు రుబ్బురోట్లో పడింది. కాసేపటికి ఇల్లంతా ఘుమఘుమలు. మావయ్య మూడు గారెలు తిని, నాలుగోది నములుతూ, "ఇదేమిటమ్మాయ్, పంటికింద కాయితంలా తగిలింది?" అన్నాడు.

"అయితే నంబరు మీకే వచ్చిందండి!" అని నూకరత్నం చప్పట్లు కొట్టింది. "నా వాటాకి రాలేదు" అని చిట్టబ్బాయి చిన్నబోయాడు.

మావయ్యకి విషయం అర్థమయ్యేసరికి నంబరు గొంతు దిగిపోయింది. కాసేపు పొలమారాడు. నీళ్ళు తాగాడు. ఉన్నది ఒకే స్టిక్కరు.

"పోనీలే మావయ్యా, ఇప్పుడు కారు మీద ఏం చెయ్యమంటారు?" అన్నాడు గవర్రాజు.

"ఏడు!" అన్నాడు మావయ్య.

"ఎలా మావయ్యా?"

"దూరంనుంచి కూడా తెలిసేటంత పెద్దగా! ఇటుపక్కొకటి, అటుపక్కొకటి."

మావయ్య మాట మావయ్య మాటే. గవర్రాజు కారుకి ఇటుపక్క కూచున్నాడు. చిట్టబ్బాయి అటుపక్క కూచున్నాడు. ఇద్దరూ గొంతెత్తి "ఓ నాయనో!" అని ఏడ్చారు. నూకరత్నానికి పని చెప్పకపోయినా ఇంటిదాన్ని కదా అని తనూ కలిసింది. అంతే, వీధి వీధంతా పరుగెత్తుకొచ్చింది. మంచం మీద కంటికి కట్టుతో మనిషి కదలకుండా ఉన్నాడు. ఎవరో పూలదండ తెచ్చి మావయ్య మెడలో వేశారు.

"నేను బతికే ఉన్నానర్రా!" అని మావయ్య అరిచేసరికి వీధి ఒక్క పరుగున ఖాళీ.

"అంకెరా సన్నాసీ! కారు మీద వెయ్యాల్సింది అంకె! తెల్లరంగుతో అంకె!"

"ఆ ముక్క ముందే చెబితే ఇంత ఏడుపుండేది కాదుగా మావయ్యా" అని గవర్రాజు కుంచె తీసుకుని, నాలుక బయటపెట్టి, కుదురైన అక్షరాలతో కారుకి రెండు పక్కలా 'అంకె' అని రాశాడు.

"వేశావా?"

"వేశాను. సున్నా ఎంత గుండ్రంగా వచ్చిందో!"

"సున్నా ఎక్కడిదిరా..." అని మావయ్య ఏదో అనబోయి, అడిగితే ఏం వినాల్సి వస్తుందోనని మాట మార్చాడు. "ఇంకొక్కటే పని. కారు కొత్తపెళ్ళికొడుకులా నిగనిగలాడకూడదు. పందెంలో పరుగెత్తి వచ్చినట్టుండాలి. దుమ్ము కొట్టుకుపోవాలి. దానికి ఓ పొడి ఉంది, ఎలా అద్దాలో..." అంటుండగానే మాత్రల మత్తుకి కునుకు పట్టేసింది.

"పొడెందుకు, ఊరినిండా దుమ్మే కదా" అన్నాడు గవర్రాజు.

కారుకి తాడు కట్టాడు. తాడు సైకిలుకి కట్టాడు. "పందెమంటే రెండోవాడు ఉండొద్దూ?" అంది నూకరత్నం. నిజమే కదా, చిట్టబ్బాయి లుంగీ ఎగ్గట్టాడు. ఆవిడ కొంగు ఊపింది. అంతే! సైకిలు వెనక కారు, కారు పక్కన చిట్టబ్బాయి. ద్వారపూడి రోడ్డంతా గులకరాళ్ళు. కారు ఎగిరింది, పల్టీ కొట్టింది, వీపు మీద దొర్లింది. ఒక చక్రం కాలవలో పడింది, ముక్కు వంగింది. చివరికి చిట్టబ్బాయే గెలిచాడు.

మర్నాడు కట్టు విప్పారు. మావయ్య కన్ను నలుపుకోబోయి ఆగి, కారుని చేతుల్లోకి తీసుకున్నాడు. ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. గవర్రాజు 'భేష్' కోసం చూస్తున్నాడు.

"మళ్ళీ కట్టెయ్యండి" అన్నాడు మావయ్య నీరసంగా.

ఆపరేషన్ కుదరలేదు కాబోలు అనుకుని గవర్రాజుకి కళ్ళనీళ్ళు తిరిగాయి. ఆ నీళ్ళు చూసి మావయ్యకి తిట్టాలనిపించలేదు. ఆ పూటంతా కారుని ఒళ్ళో పెట్టుకుని కూచున్నాడు. సాయంత్రానికి లేచాడు. "పందెమన్నాక బోల్తాపడ్డ బళ్ళు కూడా ఉంటాయిరా" అన్నాడు. చెక్కమీద మట్టి పరిచి పందెందారి మలుపు చేశాడు. గడ్డిమోపులు కట్టి పెట్టాడు. 'అంకె' తుడిచి ఏడు వేశాడు. వేళ్ళగుర్తు మీద రంగు పూశాడు. వంగిన ముక్కుని గడ్డిలో దూర్చి, చక్రం లేనివైపు ఒరగబెట్టాడు. చూస్తుంటే ఇప్పుడే పల్టీ కొట్టిందా అన్నట్టుంది! మొదటిదానికంటే బాగుంది. మావయ్యే నవ్వుకున్నాడు. గవర్రాజు భుజం తట్టి "భేష్" కూడా అన్నాడు.

మర్నాడు పొద్దున్నే మావయ్య కంటి పరీక్షకి ఆసుపత్రికి బయల్దేరుతూ, "పెట్టెలో సర్దేశాను. మీరిక లోపల చెయ్యి పెట్టక్కర్లేదు. పైన పెద్ద అక్షరాలతో 'పగిలిపోయిన వస్తువు' కాదు, ఒరేయ్, 'పగిలిపోయే వస్తువు' అని రాసి కాకినాడ బస్సులో వెయ్యండి. అంతే!" అన్నాడు.

గవర్రాజు రాశాడు. నూకరత్నం చదివి పెట్టె చుట్టూ తిరిగింది.

"పగిలిపోయే వస్తువంటున్నారు, ఎప్పుడు పగులుతుందండీ?"

ముగ్గురూ కూచుని చూశారు. టీ తాగి చూశారు. పగల్లేదు. బస్సు హారన్ వినిపించింది.

"ఇది పగిలేలా లేదు బావా. అక్కడివాళ్ళు విప్పిచూస్తే మావయ్యగారు అబద్ధాలకోరు అనుకోరూ?" అన్నాడు చిట్టబ్బాయి.

గవర్రాజుకి ఒళ్ళు మండింది. భేష్ అన్న మావయ్య ఆ మాట పడటమా! "రత్నం, రోకలి తే" అన్నాడు. చెయ్యి పెట్టొద్దన్నారు కాబట్టి మూత తియ్యకుండా పైనుంచే నాలుగు పోట్లు పొడిచి, పెట్టె చెవిదగ్గర పెట్టుకుని ఊపాడు. గలగలమంది.

"హమ్మయ్య, ఇప్పుడు మాట నిలబడింది" అని పెట్టె పట్టుకుని బస్సుకేసి పరుగెత్తాడు.