సుభద్రమ్మ పీకిన మొక్క

గురువు తాయారమ్మ గారిని ప్రశ్న అడగాలంటే ఆశ్రమంలో అందరికీ జంకే. ఆవిడ కోప్పడతారని కాదు, జవాబుకు బదులు పని చెబుతారని. దుఃఖమంటే ఏమిటని అడిగిన ఒకాయన చేత బస్తాడు బియ్యంలో రాళ్ళు ఏరించారు.

ఆ ఉదయం సుభద్రమ్మకు ఆ జంకు కూడా లేదు. ఒళ్ళంతా మండిపోతోంది. బడి మొహం ఎరగకుండా, పచారీ కొట్టు పొట్లాల కాగితాలు కూడబలుక్కుని చదువు నేర్చుకున్న మనిషి ఆవిడ. ఏళ్ళ తరబడి రోజూ చదివే స్తోత్రం ఆవేళ నలుగురి ముందూ సగంలో ఆగిపోయింది. ఎంత తడుముకున్నా తరవాతి మాట దొరకలేదు. వెనక వరసలోంచి గజపతిరావు గారు ఆ మాట అందించారు. ఆయన రిటైరైన డ్రిల్లు మాస్టారు. అందించి ఊరుకున్నారా, నవ్వారు కూడా.

"అమ్మా, రోజుకొకటి రాలిపోతోంది," అంది సుభద్రమ్మ గురువుగారి ఎదుట చతికిలబడి. "మొన్న తోడికోడలి పేరు. నిన్న పొయ్యి మీద పాలు. ఇవాళ స్తోత్రం. ఇలా అన్నీ పోతే నేను నేర్చుకున్నదంతా ఏమైనట్టు? ఇంతకాలం మీ దగ్గర కూచున్నది దేనికి?"

తాయారమ్మ గారు కిటికీలోంచి పెరట్లోకి చూశారు. "నీ మొక్క ఎలా ఉంది, సుభద్రా?"

"దాని ఊసెత్తకండి!"

గురువుగారి పూజకు తన చేత్తో పెంచిన పరిమళించే పూలు ఇవ్వాలని సుభద్రమ్మ కోరిక. అడవిమల్లె తెచ్చిపెట్టమని మాస్టారిని అడిగింది. ఆయన కొండమీద నుంచి ఒక మొక్క తెచ్చి ఇచ్చారు. వేసవుల్లో తన స్నానానికి తగ్గించుకుని దానికి నీళ్ళు పోసింది. పుల్లలతో పందిరి వేసి పాకించింది. తీరా ఈ ఏడు అది పూసింది.

"మోసం చేశారమ్మా ఈ పెద్దమనిషి. మినపగింజంత పూలు. పైన ఆకుపచ్చ, లోపల ఊదా. ముక్కులో దూర్చుకున్నా వాసన లేదు. సన్నటి ఆకు, నడుమ తెల్లచార. తుంచితే పాలు కారుతున్నాయి. మల్లెకు పాలు కారడం ఎక్కడైనా విన్నామా?"

"మల్లె అని నేనెప్పుడన్నానండీ?" అన్నారు గుమ్మంలోంచి మాస్టారు.

"వాసన ఉంటుందన్నారా, లేదా?"

"అన్నాను."

"ఏదీ? ఎక్కడుందో చూపించండి!"

ఆయన నోరు తెరవబోయారు. తాయారమ్మ గారు చెయ్యెత్తి ఆపేశారు.

"వాసన లేని మొక్క మనకెందుకు? పీకి పట్టుకురా, సుభద్రా. వేళ్ళతో సహా."

ఆ మాట కోసమే కాచుకున్నట్టు సుభద్రమ్మ గునపం అందుకుంది. పందిరి కూలదోసింది. మొదలు చుట్టూ తవ్వుతూ, "మొండిది, తెచ్చినవాళ్ళ లాగే," అని గొణిగింది. వేరు తీగలా సన్నగా, ఎంతకీ తెగకుండా లోపలికి పోతోంది. రెండు చేతులా పట్టుకుని బలంకొద్దీ లాగింది. ఫట్‌మని తెగింది.

గుప్పుమని వాసన వచ్చింది.

సుభద్రమ్మ ముందు పూలు వాసన చూసింది. తరవాత ఆకులు. చివరికి తన అరచేతులు. ఎండన పడి వచ్చినవాళ్ళకు సుగంధి వేళ్ళతో చేసి ఇచ్చే షర్బతు వాసన. దానితోపాటే మొక్క నాటిన పూట కళ్ళముందుకు వచ్చింది. మాస్టారు ఇక్కడే నిలబడి, వేరు కొసను గోటితో గిల్లి, తన ముక్కు దగ్గర పెట్టి అన్న మాట కూడా వచ్చింది.

ఆయన వెనకే నిలబడి ఉన్నారు.

"'పూల కోసం చూడకండి, దీని సంగతంతా అడుగునే' అన్నారు కదూ?" అంది సుభద్రమ్మ.

"అన్నానండి."

"మరి నేను మరిచిపోయానని చెప్పరేం? ఇన్నాళ్ళూ తిడుతుంటే పడి ఊరుకుంటారా, చేతగానివాడిలా?"

"ఒకసారి చెప్పబోయానండి. మీరు చెంబు విసిరారు."

ఆయన మోకాళ్ళ మీద కూచుని గుంతలోకి తొంగి చూశారు. "సగం వేరు లోపలే ఉంది లెండి. చిగురిస్తుంది," అంటూ మట్టి కప్పసాగారు. ఆ పని సుభద్రమ్మ ఆయన్ని చెయ్యనివ్వలేదు. పక్కకు జరగమని తనే కప్పి, పైన నీళ్ళు చల్లింది.

మొక్క తీసుకుని లోపలికి వచ్చినా కోపం చల్లారలేదు. ఎవరి మీదో మాత్రం ఆవిడకు తెలియడం లేదు.

"మీకు ముందే తెలుసు కదమ్మా. నోటితో చెబితే సరిపోయేది కాదూ? నిక్షేపంలాంటి మొక్కను నా చేతే పీకించాలా?"

తాయారమ్మ గారు వేరు ముక్క అందుకుని, కళ్ళు మూసుకుని వాసన చూశారు.

సుభద్రమ్మ విసురుగా వెళ్ళి, చేతుల మట్టి కడుక్కోబోయి బిందె వంచింది. గురువుగారు లేచి వచ్చి బిందెను మెల్లగా పక్కకు జరిపారు.

"ఇవాళ్టికి కడుక్కోకు. ఆ వాసన ఉండనీ," అన్నారు.