గుండ్లకుంట పాతర

ప్రశ్న అడిగితే తిన్నగా జవాబు చెప్పే అలవాటు మడివాళస్వామికి లేదు. ఆ సంగతి తెలిసీ శిష్యుడు చెన్నబసప్ప ఒకనాడు అడిగాడు: "స్వామీ, కరువు నాటికి అక్కరకొచ్చేలా మఠానికి జొన్నల పాతర తవ్వించమన్నారు. ఏళ్లు గడిచినా గింజ చెడకూడదు, పరుల కంట పడకూడదు. మనలో ఇద్దరు ముగ్గురికి తప్ప తెలియని చోటు చూడమంటారా?"

స్వామి నవ్వి, గుండ్లకుంట సంగతి ఎత్తుకున్నారు.

వెనక ఆ ఊరి పాతర పెద్దరెడ్డి పశువుల కొట్టం కింద ఉండేది. గింజలు ఊరందరివీ, జాడ మాత్రం నలుగురు పెద్దలకే ఎరుక. కొట్టం ఊడ్చే గంగులప్పకు కూడా చెప్పలేదు. వాడి నోట్లో నువ్వుగింజ నానదని ఆ పెద్దల నమ్మకం. రోజూ ఊడ్చేవాడికి నేల ఎక్కడ డొల్లగా మోగుతుందో తెలియకుండా ఉంటుందా? తెలిసింది, తనను పరాయివాణ్ని చేశారన్న కసీ పెరిగింది. పాలెగాడి దండు ఊరిమీద పడ్డనాడు వాడే దారి చూపించాడు. గింజలన్నీ బండ్లకెక్కాయి. ఆ వేసవిలో ఊరు గంజికి మొహం వాచిపోయింది. సుంకులమ్మ అనే ముసలామె మనవడు ఆకలికే పోయాడు. అప్పట్నించి గంగులప్పతో మాట్లాడినవాడు లేడు.

మళ్లీ పంటలు పండాయి, మళ్లీ పాతర మాట వచ్చింది. పెద్దలకు బుద్ధి వచ్చి ఉంటుందనుకుంటాం గదా, రాలేదు. ఈసారి ఇద్దరికే తెలిసేలా దాద్దామన్నారు! అప్పుడు సుంకులమ్మ లేచింది.

"నలుగురు దాస్తే అయిదోవాడు పట్టిచ్చె. ఇద్దురు దాస్తే మూడోవాడు పట్టిస్తాడు. నడీదిలో తవ్వండి. మెరక నేల, నీళ్లు నిలవవు. ఊరంతా రాండి."

అని గడ్డపార తెచ్చి గంగులప్ప చేతికే ఇచ్చింది. దొంగ చేతికి తాళం చెవులు ఇచ్చినట్టుందని పెద్దరెడ్డి గొణిగాడు. కానీ మనవణ్ని పోగొట్టుకున్న మనిషే ఇస్తుంటే కాదనడానికి నోరెలా వస్తుంది? ఊరంతా కలిసి తవ్వింది, గడ్డి పరిచి జొన్నలు పోసింది, బండ మూసి మన్ను దిమ్మిస కొట్టింది. బండ్లు నాలుగు రోజులు తిరిగేసరికి అది వట్టి వీధి అయిపోయింది.

దండు మళ్లీ వచ్చింది. కొట్టాలు తవ్వారు, గడ్డివాములు పొడిచారు, ఏమీ దొరకలేదు. నాయకుడు నేరుగా గంగులప్పను పిలిపించి వెండి కడియం చూపించాడు. గంగులప్ప ఆ పాతర మీదే నిలబడి ఉన్నాడు.

"నాకెవురు చెప్తారు దొరా, పోయినతూరి పట్టిచ్చినోనికి?" అన్నాడు.

నాయకుడికి అది సబబుగానే తోచింది. దండు ఖాళీ బండ్లతో తిరిగిపోయింది.

వాళ్లు పొలిమేర దాటారో లేదో, ఊరు ఊరంతా కేక పెట్టింది. పలకలు మోగాయి. పెద్దరెడ్డి తన తలపాగా విప్పి స్వయంగా గంగులప్ప తలకు చుట్టాడు. ఒకరి తలకు చుట్టిన అలవాటు లేదేమో, అది కళ్లమీదికి జారింది. "కడియం వదులుకుంటివి గదరా, ఎందుకు?" అని అడిగాడు.

"పోయినతూరి అవి మీ గింజలయ్యా. ఈతూరి నావి."

మరుసటేడు చినుకు రాలలేదు. బండ తీశారు. లోపల గాలి చెడిందేమోనని ముందు దీపం దించి చూశారు, అది నిలకడగా వెలిగింది. గంగులప్ప దిగి తొలి తట్ట నింపి పంపాడు. సుంకులమ్మ దోసిట్లోకి తీసుకుని చూసింది. ఒక్క గింజకు బూజు లేదు! ఆ కరువంతా గుండ్లకుంటలో ఏ ఇంటా పొయ్యి ఆరలేదు. ఈ మాట చెబుతుంటే స్వామి ముఖం తానే తవ్వినంత సంబరంతో వెలిగిపోయింది.

చెన్నబసప్ప అందుకున్నాడు: "అయితే మనమూ నడివీధిలోనే తవ్వమంటారా, స్వామీ?"

"చోటు సంగతి తర్వాత చూద్దాం నాయనా," అన్నారు స్వామి. "నువ్వు ఎవరికి తెలియకూడదనుకున్నావో, ముందు వాణ్ని పిలుచుకు రా."