కుంకుమబొట్టు పెన్‌డ్రైవ్

"ఎంత చెప్పినా పలకని మనిషిని ఎన్నాళ్లని కూర్చోబెట్టుకోవాలి మాస్టారూ?" అని లోకనాథం అడిగినప్పుడు సన్యాసిరావు మాస్టారు జవాబు చెప్పలేదు. ఆయనకది అలవాటే. పాలకొండలో కంప్యూటర్లు బాగుచేస్తూ, ఆ పనే నలుగురికీ నేర్పుతూ ముప్పయ్యేళ్లు గడిపిన మనిషి. ప్రశ్నకు మాటతో బదులిస్తే అది ఈ చెవిన దూరి ఆ చెవిన పోతుందని ఆయన నమ్మకం. అందుకని అడిగినవాడి చేతిలో ఏదో ఒక పని పెట్టి ఊరుకుంటారు.

లోకనాథం ఆయన దగ్గర పదిహేనేళ్లుగా ఉన్న శిష్యుడు. ఇప్పుడు కొత్త బ్యాచికి పాఠాలు చెప్పేదీ అతనే. అతని బాధంతా ఆ బ్యాచిలోని ఆదెమ్మ గురించి. కొండ మీది సవర గూడెం నుంచి రోజూ రెండు గంటలు బస్సులో కూర్చుని వస్తుంది. ఇంట్లో సవర భాష, దారిలో తెలుగు, ఇక్కడికొస్తే లోకనాథం నోట సగానికి సగం ఇంగ్లీషు. అడిగితే తల వంచుకుంటుంది, గట్టిగా అడిగితే ఇంకా వంచుకుంటుంది. ఇలా మూడు నెలలైంది. మూడో నెలాఖరున పనికిరానివాళ్ల పేర్లు కొట్టేసి, శిక్షణకు డబ్బు కట్టే ప్రభుత్వాఫీసుకు జాబితా పంపాలి. ఆ సాయంత్రమే గడువు. పేరు పోయిందా, ఆమెకు మళ్లీ ఈ గుమ్మం ఎక్కే దారి లేదు. లోకనాథం చెడ్డవాడేం కాదు. ఆ పేరు మీద గీత గీద్దామని పొద్దుటి నుంచి రెండుసార్లు పెన్ను తీసి, మనసొప్పక జేబులో పెట్టుకున్నాడు.

"ముందు ఆ కొత్త లాప్‌టాప్‌లో ఓఎస్ ఎక్కించు. నీ జాబితా సంగతి తరవాత చూద్దాం," అన్నారు మాస్టారు, అట్టపెట్టె చూపించి.

ఓఎస్ ఎక్కించడం, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ వెయ్యడం, లోకనాథానికి మంచినీళ్లు తాగినంత పని. పైగా ఓఎస్ దాచుకున్న అతని పెన్‌డ్రైవ్ అల్లాటప్పాది కాదు. ఏటేటా ఆయుధపూజ నాడు స్క్రూడ్రైవర్లతో పాటు దానికీ పసుపు రాసి కుంకుమబొట్టు పెడతాడు. చుట్టుపక్కల మండలాల్లో దాని చేత ప్రాణం పోయించుకోని మిషను లేదని అతని గొప్ప. పక్కబల్ల దగ్గర ఆదెమ్మ చూస్తుండగా దాన్ని తగిలించి మొదలుపెట్టాడు. భాష ఏదని అడిగింది, షరతులకు సరేననమంది. తీరా ఏ డిస్కులో ఎక్కించాలో ఎంచుకోమనే చోటికి వచ్చేసరికి తెర మీద ఖాళీ గడి. డిస్కులేవీ కనబడలేదట.

మళ్లీ మొదటి నుంచి చేశాడు. మళ్లీ అదే మాట. అడుగు రేకు విప్పి, మరలు బల్ల మీద పోసి, చూపుడువేలంత డిస్కును ఊడదీసి, తుడిచి బిగించాడు. మూడోసారీ ఖాళీయే.

"డిస్కు చచ్చిందండి. పుట్టుకలోనే పోయుంటాది. వెనక్కి పంపీడమే," అని తేల్చేశాడు.

"నీ పెన్‌డ్రైవ్‌లో లోటుందేమో చూశావేటి?"

లోకనాథం నొచ్చుకున్నాడు. ఆడలేక మద్దెల ఓడన్న సామెత అతనికి తెలియంది కాదు గానీ, అది తన మీదికి వస్తుందని కలలో కూడా అనుకోలేదు. "ఎన్ని వందల డిస్కుల్ని చూసిందండి ఇది! దీనికి కనబడలేదంటే అక్కడ ఏటీ లేనట్టే."

మాస్టారు మిషను ఆపి, మళ్లీ వేస్తూ ఒక మీట నొక్కి, లోపలి సెట్టింగులు తెరిచారు. డిస్కు అక్కడ పేరుతో, సైజుతో సహా నిక్షేపంలా ఉంది. తరవాత ఆయన పక్క కంప్యూటర్లో ఆ డిస్కు రకానికి తగ్గ డ్రైవరు దించారు. డ్రైవరంటే ఫలానా డిస్కుతో ఎలా మాట్లాడాలో పెన్‌డ్రైవ్‌లోని ఓఎస్‌కి చెప్పే చిన్న ప్రోగ్రాము. డిస్కు నిన్నగాక మొన్న వచ్చిన రకం, పెన్‌డ్రైవ్‌లోని సరుకు ఆరేళ్ల నాటిది. ఆ ప్రోగ్రాముని కుంకుమబొట్టు పక్కనే, అదే పెన్‌డ్రైవ్‌లో వేసి, మళ్లీ ఆ ఖాళీ గడి దాకా వచ్చి, దాని కిందున్న 'లోడ్ డ్రైవర్' అన్న మాట నొక్కమన్నారు. పదిహేనేళ్లలో లోకనాథం దాన్ని చూడని రోజు లేదు, నొక్కిన రోజూ లేదు. నొక్కాడు. గడిలో డిస్కు ప్రత్యక్షమైంది.

లోకనాథం రేకు బిగిద్దామని మరల కోసం చూశాడు. తను గుప్పెడుగా పారబోసినవి ఒక తెల్లకాగితం మీద వరసగా ఉన్నాయి. పొడుగువి పైన, పొట్టివి కింద, ఏ మర ఏ బెజ్జంలోదో అక్కడే. ఆదెమ్మ ఎప్పుడు పేర్చిందో! పక్కబల్ల దగ్గర తల వంచుకునే ఉంది. అతనికి సిగ్గేసింది. మూడు నెలలుగా ఆమె మీద విసుక్కున్న విసుగులన్నీ గుర్తొచ్చాయి. జాబితా తీసి, ఆమె పేరు ఉన్నదున్నట్టుంచి, కింద సంతకం చేశాడు.

కానీ పాఠం చెప్పేవాడి అలవాటు అంత తొందరగా పోతుందా? కాగితం మడుస్తూ, గొంతు తగ్గించి అడగనే అడిగాడు.

"నాకు తెలిసిందండి. ఇంతకీ ఆదెమ్మకి ఏ డ్రైవరు వెయ్యాలంటారు?"

మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"మనం డిస్కుకి వేశామేటయ్యా, డ్రైవరు?"