గంగరాజు చేసిన మసక

అనగనగా ఒక అడవికి విమానాశ్రయం వచ్చింది. నవ్వకండి పిల్లలూ! అక్కడ విమానాలంటే పెద్ద పెద్ద కొంగలు. ఎవరు ఎక్కాలన్నా ముందు వాళ్ళ సంచి ఎక్స్‌రే యంత్రంలోంచి పోవాలి. తెర ముందు కూర్చుని లోపలేముందో చెప్పేది గంగరాజు అనే నక్క.

తెర మీద బొమ్మ ఎప్పుడూ మసకే. గంగరాజు సగం చూసి సగం ఊహించి చెప్పేవాడు. "అబ్బ, ఏం కళ్ళు!" అనేవారు అందరూ.

అంతలో మంగతాయారు అనే ముంగిస పనిలో చేరింది. యంత్రం శుభ్రంగా తుడిచింది. మీటలు సరిచేసింది. ప్రతి సంచికీ పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి బొమ్మలు తీసింది. రోజూ పొద్దున్నే సన్నని తీగ ఒకటి లోపలికి పంపేది. అది తెర మీద కనబడితేనే పని మొదలు.

ఏనుగు మెచ్చుకుంది. జింక మెచ్చుకుంది. కొంగలైతే ఆకాశానికెత్తేశాయి.

గంగరాజుకి కడుపు మండిపోయింది. "నిన్నగాక మొన్నొచ్చింది! ఇన్నేళ్ళ నా పని ఎవరి కంటికీ ఆనదా?" అని పళ్ళు నూరాడు.

మర్నాడు ఆమె అన్నానికి వెళ్ళగానే మీటలన్నీ అడ్డదిడ్డంగా తిప్పేశాడు. తీగ పెట్టి చూశాడు. కనబడలేదు. "ఇక తిట్లు తింటుంది" అని మురిసిపోయాడు.

అప్పుడే బసవయ్య అనే ఎలుగుబంటి సంచి వచ్చింది. లోపల గుండ్రంగా, నల్లగా ఏదో ఉంది.

"పనసకాయ. పోనీ!" అన్నాడు గంగరాజు.

సంచి కొంగ మీదికి ఎక్కింది. అమ్మమ్మగారింటికి బయల్దేరిన గంగరాజు కూతురు బుల్లెమ్మా అదే కొంగ ఎక్కింది.

బసవయ్య పక్కనున్న కోతితో కిసుక్కున నవ్వాడు. "పనసకాయట! తేనెతుట్టెరా. పొగబెట్టి తేనెటీగల్ని పడుకోబెట్టా."

ఆ మాట గంగరాజు చెవిన పడింది. గాలిలో ఈగలు లేచి కొంగను కుడితే? బుల్లెమ్మ ఏమైపోతుంది?

"ఆపండి! ఆ సంచిలో తేనెతుట్టె ఉంది!" అని పరుగెత్తాడు.

"ఊరుకోవయ్యా," అంది కొంగ, రెక్కలు విప్పుతూ. "మంగతాయారు సరిచేసిన యంత్రం తప్పు చూపిస్తుందా?"

"చెడగొట్టింది నేనే!" గంగరాజు అందరి ముందూ ఏడ్చేశాడు. "ఓర్వలేక మీటలు తిప్పేశాను!"

మంగతాయారు పరుగున వచ్చి మీటలు సరిచేసింది. సంచి మళ్ళీ లోపలికి పంపింది. ఈసారి ఈగల కాళ్ళు కూడా కనబడ్డాయి. తుట్టెను దూరంగా తీసుకుపోయారు.

బుల్లెమ్మ కిందికి దిగి తండ్రి ముందు నిలబడింది.

"నాన్నా, ఈ కొంగ మీద నేను లేకపోతే నువ్వు అరిచేవాడివా?"



నీతి: ఓర్వలేక చెడగొట్టిన పని ఎవరి ప్రాణం మీదికి వస్తుందో చెడగొట్టినవాడికీ తెలియదు.